సెలవు దొరికిందే సీజను: బౌండరీ వాటర్స్ యాత్రికులకు చిట్కాలు

మినియాపొలిస్ నుంచి కారులో ఉత్తరానికి నాలుగైదు గంటలు పోతే ఈలీ అనే చిన్న ఊరు. అది దాటితే కెనడా సరిహద్దు దాకా బౌండరీ వాటర్స్: పది లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి పైగా సరస్సులు. చాలావాటిలో మోటారు పడవలకు ప్రవేశం లేదు. కనూలో కూర్చుని తెడ్డు వేయాలి, లేదా కనూని భుజానికెత్తుకుని నడవాలి. అనుభవజ్ఞులు నెలకొక జాగ్రత్త చెప్పి భయపెడతారు. వాళ్ళ మాట వినకండి. మీ మేనేజరు సెలవిచ్చిన నెలే మంచి నెల. ఇక చిట్కాలు.

మే: ఎండ కాస్తే ఎండాకాలమే

మామూలుగా ఏప్రిల్ చివర, మే మొదట్లో సరస్సుల మీద గడ్డకట్టిన మంచు విడుతుంది. ఎండ చురుక్కుమంటుంది. నీళ్ళలో చెయ్యి పెట్టి చూడకండి, అనవసరంగా మనసు మారుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఫొటోలో లావుగా కనిపిస్తారు, తలకింద పెట్టుకోండి. చన్నీళ్ళ నిపుణులు 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. పడవ తిరగబడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదట, పది నిమిషాల్లో కాళ్ళూచేతులూ మాట వినడం మానేస్తాయట, గంటకు స్పృహ తప్పుతుందట. అపార్ట్‌మెంటు పూల్‌లో ఈత నేర్చినవాళ్ళకు ఈ లెక్కలతో ఏం పని? గాలి లేస్తే ఒడ్డు పట్టుకుని పోవడం పిరికితనం. నడిమధ్య నుంచి కొట్టండి, దూరం కలిసొస్తుంది.

జూన్: దోమలకూ ఒక మర్యాద ఉంది

ఈ నెల నల్ల ఈగలదీ దోమలదీ. వాటికి ముదురు రంగులంటే ఇష్టం. వాటి ఇంటికి వెళ్తూ వాటికి నచ్చిన రంగు కట్టుకోకపోతే ఏం బాగుంటుంది? నేవీ బ్లూ చొక్కా వేసుకోండి. తలకు వేసుకునే దోమతెర ఇంట్లో వదిలేయండి.

అసలు మజా పోర్టేజ్‌లో, అంటే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు కనూ మోసుకెళ్ళే బాటలో. బోర్లించిన కనూ భుజాలకెక్కాక రెండు చేతులూ దాని అంచులు పట్టుకోవడానికే సరిపోతాయి. తల డొప్పలోపల. కనిపించేవి మీ బూట్లు, రెండు తడి రాళ్ళు, కాస్త బురద. అప్పుడు ఒక దోమ లోపలికొచ్చి, చెవి దగ్గర రాగం తీసి, నింపాదిగా కనుబొమ్మ మీద వాలుతుంది. చెయ్యి తీస్తే పడవ ఒరుగుతుంది. తీయకపోతే దోమ కడుపు నిండుతుంది. స్థితప్రజ్ఞత అలవడటానికి ఇంతకు మించిన సాధన లేదు.

పటంలో పోర్టేజ్ దూరాలు రాడ్లలో ఉంటాయి. ఒక రాడ్ 16న్నర అడుగులు. 320 రాడ్లు ఒక మైలు. వెంట వచ్చేవాళ్ళకు ఈ సంగతి చెప్పకండి. సామాను వీలైనంత ఎక్కువ తీసుకెళ్ళండి. ఒక్కసారిగా మోయలేక రెండు విడతలు మోస్తే, మధ్యలో ఉత్తచేతులతో వెనక్కి రావాలి గనక, మైలు కాస్తా మూడు మైళ్ళవుతుంది. జిమ్ ఖర్చు మిగులుతుంది.

జులై: అందరూ రండి

మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బసకు పర్మిట్లు కోటా ప్రకారమే ఇస్తారు. ముందే బుక్ చేసుకోవడం దేనికి? అక్కడికి వెళ్ళాక మాట్లాడుకోవచ్చు. గుంపుకు తొమ్మిది మందే అంటారు. బావమరుదుల్ని వదిలేసి వెళ్తామా?

గాజు సీసాలూ డబ్బాలూ నిషేధమంటారు. అత్తయ్య పెట్టిన ఆవకాయకు అమెరికా చట్టం వర్తించదు, సీసాలోనే పట్టుకెళ్ళండి. రాత్రి దాన్ని టెంటులో తలాపునే పెట్టుకోండి. నల్ల ఎలుగుబంటి ముక్కు చాలా దూరం నుంచే వాసన పడుతుంది, కానీ ఆవకాయకు కాస్త అలవాటుండాలి కదా.

1999 జులై 4న వీచిన పెనుగాలికి ఈ ప్రాంతంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా అడవిలో చెట్లు కూలాయి. క్యాంపుల్లో ఉన్నవాళ్ళు చాలామంది గాయపడ్డారు. ఒకసారి జరిగింది గనక మళ్ళీ జరగదు. టెంటు ఎండుచెట్టు కిందే వేయండి, మీద ఆకులు రాలవు.

సెప్టెంబరు: మంట దానంతటదే ఆరుతుంది

పడిపోయిన ఎండుకొమ్మలు ఏరుకోవడం శ్రమ. పచ్చి బర్చ్ చెట్టు బెరడు ఒలిచేయండి, చేతికి అందుతుంది. నిప్పు మీద నీళ్ళు పోసి, కలిపి, చేత్తో తాకి చల్లబడిందో లేదో చూడమంటారు. చేతికి మసి అంటుతుంది, వద్దు. 2007 మేలో హామ్ లేక్ దగ్గర ఒక క్యాంపు మంట నుంచి రాజుకున్న కార్చిచ్చు సుమారు 75 వేల ఎకరాలు తిని, సరిహద్దు దాటి కెనడాలోకీ పోయింది. అది మేలో కదా, మనం వెళ్ళేది సెప్టెంబరులో.

అక్టోబరు: కోటా లేదు, చలీ ఉండదు

టమరాక్ చెట్ల సూదులు పసిడి రంగు తిరిగే రోజులివి. జనం ఉండరు. జీన్స్, కాటన్ చొక్కా చాలు. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుందంటూ ఉన్ని బట్టలు మోయమంటారు. వాన పడితే చూద్దాం. రాత్రి కనూని ఒడ్డెక్కించి, బోర్లించి, చెట్టుకు కట్టడం చాదస్తం. సగం నీళ్ళలో వదిలేయండి. తెల్లారేసరికి అది ఎదుటి ఒడ్డున తేలితే సెలవు ఇంకో రోజు పెరిగినట్టే.

బయలుదేరే ముందు

లోపల చాలాచోట్ల ఫోను పనిచేయదు. అయినా ఏ సరస్సులో దిగుతున్నారో, ఏ రోజుకు వెనక్కి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వకండి. ఆలస్యమైతే వాళ్ళు ఫోన్లు చేస్తారు, వెతకడానికి మనుషులు వస్తారు. ప్రశాంతత కోసం అంత దూరం వెళ్ళి జనాన్ని పిలిపించుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి?