కవరు విప్పని పేరయ్య

2023 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభువుల సభలో పార్కిన్సన్ ప్రభువు సెలవిచ్చింది చదివే ఉంటారు. వాట్సాప్, సిగ్నల్‌లో తాళం పడి వెళ్లే ఫోటోల్లో పిల్లల మీద అఘాయిత్యాల బొమ్మలు ఉన్నాయేమోనని జల్లెడ పట్టమని ఆదేశించే అధికారం ఆన్‌లైన్ భద్రత బిల్లులో ఉంటుందట. 'సాంకేతికంగా సాధ్యమైతేనే' దాన్ని వాడతారట. తగిన సాంకేతికత లేకపోతే ఆదేశించరట. సాధ్యమో కాదో తేలనిదానికి క్లాజు ఎందుకని అడక్కండి. అప్పట్లో ఆయన చూసింది కళలు, వారసత్వ శాఖ. ఆ మాత్రం కల్పన ఉండాల్సిందే.

ఇక మన పెళ్లిళ్ల పేరయ్యకు లండన్‌లో ఉద్యోగం ఖాయం. అబ్బాయి ఫోటో ఉన్న కవరు చేతికిస్తారు. విప్పకూడదు. మెల్లకన్ను ఉందో లేదో మాత్రం చెప్పాలి.

పేరయ్య దీపానికి ఎత్తి చూశాడు. లాభం లేదు. సరే, పైనుంచే ఓ ఫిల్టరు వేద్దామని బ్లర్ అందుకున్నాడు. ఒక్కో చుక్కకీ దాని ఇరుగుపొరుగుకీ సగటు కట్టడమే బ్లర్. మామూలు ఫోటోలో చెంప పక్కన చెంపే ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది. ఎన్‌క్రిప్ట్ చేశాక ఇరుగుకీ పొరుగుకీ చుట్టరికమే ఉండదు. ఆ సగటును కీ పెట్టి తెరిస్తే అబ్బాయి మసగ్గా కనపడడు, అసలే కనపడడు.

"అబ్బాయి ఎలా ఉన్నాడు పేరయ్యగారూ?"

"అంతటా ఒకేలా ఉన్నాడమ్మా."

ఒక్క సంబంధం మాత్రం కుదిరేలా కనిపించింది. ఈసీబీ అనే నాసిరకం పద్ధతిలో లినక్స్ పెంగ్విన్ బొమ్మకు తాళమేస్తే, ఒకేలా ఉన్న ముక్కలకు ఒకేలాంటి ముసుగు పడి ఆకారం బయటపడుతుంది. పేరయ్య గంతేశాడు: "పొట్టి, కాస్త బొజ్జ, ముక్కు దివ్యంగా ఉంది!" ఏం లాభం, వాట్సాప్ ఆ పద్ధతి వాడదు.

క్రెయిగ్ జెంట్రీ 2009లో తాళం తీయకుండానే లోపలి లెక్కలన్నీ చేసే దారి చూపాడు కదా అంటారు. నిజమే. ఆ దారిలో మూసిన కవరు మీద ఫిల్టరు వేయొచ్చు, నత్తనడకన. అయితే జవాబు కూడా అంటించిన కవర్లోనే వస్తుంది. కీ అబ్బాయి దగ్గరే. "నాయనా, నీకు మెల్ల ఉందేమో కాస్త చూసి చెప్పు" అని పేరయ్య ఆ అబ్బాయినే బతిమాలుకోవాలి.

కాబట్టి సాధ్యమయ్యేది ఒక్కటే: కవరు అంటించక ముందే పేరయ్యను మీ ఫోన్లో కూర్చోబెట్టడం. ఆపిల్ 2021 ఆగస్టులో ఐక్లౌడ్‌కి వెళ్లే ఫోటోలకు అలాంటిదే ప్రకటించింది. ఆ నెలలోనే పరిశోధకులు, సంబంధం లేని రెండు బొమ్మలను ఆ యంత్రం ఒకటేననేలా చేసి చూపించారు. 2022 డిసెంబరులో ఆపిల్ దాన్ని మూటగట్టేసింది.

తాళం లేని చోట ఇలాంటి యంత్రాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ తండ్రి, చంటివాడికి వాపు వస్తే డాక్టరుకు చూపడానికి ఫోటో తీశాడు. యంత్రం అతన్ని నేరగాడిగా పట్టిచ్చింది. మెయిల్, ఫోన్ నంబరు, ఫోటోలు పోయాయి. నేరం లేదని పోలీసులే తేల్చారు. అయినా ఆ యంత్రం నడిపే కంపెనీ ఖాతా తిరిగివ్వలేదు.

పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాణ్ని పట్టుకోవాలంటే దర్యాప్తు చేసే మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. అది ఖర్చు. పిల్లల పేరు చెప్పి జనం ఫోన్లో కాపలావాణ్ని దింపడానికి ఒక్క క్లాజు చాలు. సాధ్యమైతేనే వాడతామని సభలో చెప్పిన పెద్దమనిషి అదే నోటితో ఆ క్లాజును కొట్టేయమనొచ్చు. అనలేదు. ఆ అధికారమిచ్చే 122వ క్లాజు బిల్లులో అలాగే ఉండిపోయింది. ఉంచారంటే, వాడటానికే.