నా బరువును ఆడిపోసుకోకండి

నా ఇంజిన్ విస్కాన్సిన్‌లోని మెనామనీ ఫాల్స్‌లో పుట్టింది. మిగతా ఒళ్లంతా మిస్సోరీలోని కాన్సస్ సిటీలో కుదిరింది. హార్లీ డేవిడ్‌సన్ వారి డైనా కుటుంబంలో 2016 నాటి లో రైడర్ ఎస్‌ని నేను. నల్లటి ఒళ్లు, బంగారు రంగు చక్రాలు, 1801 సీసీ ఇంజిన్. 1991లో మొదలైన మా కుటుంబం 2017 మోడళ్లతో ఆగిపోయింది. నన్ను బిగించిన ఫ్యాక్టరీకీ 2019లో తాళం పడింది. పుట్టిల్లు లేదు, 2017 తర్వాత పుట్టిన చెల్లెళ్లూ లేరు. అయినా టెక్కు తగ్గించుకోలేదు లెండి.

మమ్మల్ని క్రూయిజర్లంటారు. తీరిగ్గా కూర్చుని దూరాలు పోవడానికి చేసిన బళ్లం. ఈ మాట దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. అక్కడ డైనా చేతికొస్తే చాలు, హ్యాండిల్ ఎత్తు పెంచి, వెనక పొడుగు షాకులు బిగించి, ముందు చక్రం గాల్లోకి లేపాలని చూస్తారు. 2008 నుంచి 2014 దాకా టీవీలో డైనాలెక్కే బైకర్ల సీరియల్ ‘సన్స్ ఆఫ్ అనార్కీ’ నడిచాక మా మీద మోజు ఇంకా ముదిరింది.

నన్ను కొన్నవాడు ఫాంటానాలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వారమంతా బరువులెత్తేవాడికి ఆదివారం కూడా బరువెత్తే సరదా ఏమిటో నాకర్థం కాదు. రోడ్డు మీద ఈ వేషాలేస్తే కాలిఫోర్నియా వాహన చట్టం 23109 సెక్షన్ ఉంది. బండిని 30 రోజుల దాకా లోపలేయగలరు. అందుకని నన్ను పికప్ ట్రక్కు మీద కట్టి, కహోన్ కనుమ దాటించి, విక్టర్‌విల్ అవతల ఎడారిలో తెలిసినవాళ్ల లారీల యార్డుకు తీసుకుపోయేవాడు. చుట్టూ కంచె, కింద కాంక్రీటు, మనుషులు లేరు. నాకు సర్వీసింగ్ చేసే పెద్దాయన వెంట వచ్చేవాడు. ఆయన కుర్రతనంలో ఇలాంటివన్నీ చేసినవాడే. ఒక మోకాలు ఇప్పటికీ సరిగ్గా వంగదు.

మొదటి రోజు నావాడు క్లచ్ మీద చెయ్యి వేయగానే పెద్దాయన ఆపాడు. “రేజు సంగతి తర్వాత అబ్బాయ్, ముందు కుడికాలు ఎక్కడుందో చూపించు.” కాలు వెనక బ్రేకు మీద లేదు. ఆ పూటంతా చక్రం లేపనివ్వలేదు. మెల్లగా నడుపుతూ, పాదం పెడల్ మీంచి తియ్యకుండా, తొక్కీ తొక్కనట్టు తొక్కడమే పని. చక్రం లేచాక మరీ వెనక్కి వాలితే ముందు బ్రేకు ఎందుకూ పనికిరాదు, అది గాల్లో ఉంటుంది. వెనక బ్రేకు తొక్కితేనే ముక్కు కిందికి దిగుతుంది. ఆ పెడల్ మరిచినవాడు వీపు మీద పడతాడు, వాడి మీద నేను పడతాను. అప్పుడు మాత్రం నా బరువు గురించి మాట్లాడుకోవచ్చు.

మామూలుగా నన్ను తిట్టేది ఇంకొకందుకు. చక్రం లేవకపోతే “300 కిలోలు దాటిన దున్న, ఇదెక్కడ లేస్తుంది” అంటారు. లెక్క ఆ మాట ఒప్పుకోదు. మనిషితో కలిపి నా గురుత్వ కేంద్రం వెనక టైరు నేలను తాకే చోటుకు ఎంత ముందుందో చూడండి. నేలకు ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఆ దూరాన్ని ఈ ఎత్తుతో భాగిస్తే, చక్రం లేవడానికి కావలసిన త్వరణం భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లో తేలుతుంది. బరువు రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది. నా చిక్కల్లా ఒంటి తీరులో ఉంది. రెండు చక్రాల మధ్య 1.6 మీటర్ల పైన దూరం, సీటూ ఇంజినూ నేలబారున. పొట్టిగా, ఎత్తుగా ఉండే రేసు బళ్లు అందుకే నాకంటే సులువుగా లేస్తాయి. స్టంట్లు చేసే ఈవెల్ కనీవెల్ హార్లీ మీద ముందు చక్రం లేపి వీలీలు చేశాడని ఎవరో ఒకరు గుర్తు చేస్తుంటారు. ఆయనెక్కిన ఎక్స్‌ఆర్-750 ట్రాక్ రేసుల కోసం చేసింది, తూకంలో నాలో దాదాపు సగం. ఆ పోలిక నా దగ్గర తేవద్దు.

నావాడు మొదట హ్యాండిల్ పట్టుకుని వెనక్కి లాగేవాడు. నా మీద కూర్చుని నన్ను లాగితే నేనెలా లేస్తాను? భుజాలు పట్టేశాయి తప్ప టైరు నేల వదల్లేదు. రేజు ఒక్కటే ఇచ్చినా బొటాబొటీగా తేలి పడేది. నాకు 3500 ఆర్‌పీఎం దగ్గరే 156 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, అదీ చాల్లేదు. అప్పుడు పెద్దాయన క్లచ్ పాఠం మొదలుపెట్టాడు. మొదటి గేరులో మెల్లగా పోతూ క్లచ్ సగం నొక్కి, ఇంజిన్ గొంతు పెరగనిచ్చి, వేళ్లు టక్కున వదలాలి. లోపల తిరిగే ఫ్లైవీళ్లు దాచుకున్న ఊపంతా ఒక్క దెబ్బకు వెనక చక్రానికి చేరుతుంది. మా ఫ్లైవీళ్లు మంచి బరువు. అలా నన్ను లేపింది చివరికి ఆ బరువే. ఎవరూ దానికి థాంక్స్ చెప్పలేదు.

ముక్కు పైకి లేవగానే నావాడు హడలిపోయి బ్రేకు గట్టిగా తొక్కాడు. ధబీమని పడ్డాను. కొన్ని వారాలు అదే వరస: లేవడం, భయం, ధబీ. ముందు ఫోర్కుల్లో సీళ్లు కారి, డిస్కు మీదికి నూనె జారింది. హ్యాండిల్ మెడలో బేరింగులు వదులయ్యాయి. క్లచ్ ప్లేట్ల మాడు వాసన ఎడారి గాలిలో కూడా పోయేది కాదు. దిగేటప్పుడు రేజు పూర్తిగా మూయకూడదనీ, కొంచెం ఉంచాలనీ, హ్యాండిల్ తిన్నగా ఉండాలనీ పెద్దాయన గొంతు పోయేలా అరిచేవాడు.

తర్వాత ఒక ఆదివారం ముక్కు ఎప్పటికంటే పైకి పోయింది, కాలు కంగారుపడలేదు. బరువంతా వెనక ఇరుసు మీదికి చేరిన చోటు అది. అక్కడిదాకా వచ్చేవరకు ఇంజిన్ మోత మోగిపోతుంది, అక్కడికొచ్చాక రేజుతో అంతగా పని ఉండదు. కొంచెం ముందుకు వాలితే చిటికెడు రేజు, వెనక్కి వాలితే బ్రేకు మీద కాస్త పాదం. యార్డు చివరి కంచె దగ్గరపడేదాకా అలాగే పోయాం. దించింది కూడా మెత్తగానే, సీళ్లు బతికిపోయాయి.

ఇప్పుడు బెల్టు తీసేసి చైన్ వేయిస్తానంటున్నాడు, వెనక పళ్ల చక్రం పెద్దదట. అది వేస్తే నేను మరీ తేలిగ్గా, మరీ తొందరగా లేస్తాను. ఆ పార్టుల పెట్టె విప్పుతూ పెద్దాయన నావాడి బూటు వైపు చూశాడు. “దీనికి బ్రేకు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, ఆదివారం పెందలాడే రా,” అన్నాడు.