ఉపఘంటాపథం: ఒక బోర్డుకు టీకా తాత్పర్యం

మా కాలనీ మొదట్లో ఇరవై ఏళ్లుగా ఇడ్లీ, పెసరట్టు పెట్టిన హోటలు నిరుడు మూతపడింది. రెండు నెలలు చుట్టూ రేకులు కట్టి లోపల ఏవో పగలగొట్టారు, ఏవో కట్టారు. రేకులు తీసేసరికి నీలం దీపాల నడుమ ఈ కింది వాక్యం వెలిసింది.

మూలం

ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్
ఫ్యామిలీ సెక్షన్ కలదు

ముప్ఫయ్యేళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. పైకి తేలిగ్గా కనబడుతూ లోపల ఇంత గడ్డుగా ఉన్న పాఠం నాకు సర్వీసులో తగల్లేదు. పాలకు పోతూ రోజూ రెండుసార్లు చదువుతున్నాను. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. ఒళ్లు మండినప్పుడు పూర్వం పండితులు ఏంచేసేవారో నేనూ అదే చేస్తున్నాను.

వ్యాఖ్యానామ నిర్ణయం

వ్యాఖ్య అన్నాక దానికో పేరుండాలి. వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మెదక్ వైపు కొల్చారం ఆయనది మా ఊరేనని చెప్పుకుంటుంది. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య సంజీవని. ఆ పేరు దీనికి పెడితే రేపు బారు యజమాని దాన్నే ఫ్లెక్సీ మీద వేయిస్తాడు. మాఘానికి రాసింది సర్వంకష, అంటే దేన్నీ వదలకుండా గీకేది. దాన్ని బిల్లు సందర్భానికి అట్టేపెట్టాను. ఇక మిగిలింది కిరాతార్జునీయ వ్యాఖ్య, ఘంటాపథం. ఏనుగులు మెడగంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గమని అర్థం.

పేరు దివ్యంగా ఉంది గాని చట్టం ఒప్పుకోదు. రాజమార్గాలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పిచ్చింది. మరుసటి మార్చిలో, ఇరవై వేలు మించని జనాభా ఉన్న ఊళ్లకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. జులైలో, పురపాలక సంఘాల లోపలి దుకాణాలకు ఆ తీర్పు అడ్డు కాదని వివరించింది. మూలం రెండు పంక్తులైతే వ్యాఖ్య మూడు విడతలు! మల్లినాథుడు చూసి ఉంటే ముచ్చటపడేవాడు. ఏది ఏమైనా నాకెందుకొచ్చిన గొడవ? ఒక మెట్టు దిగి ఉపఘంటాపథమని పెట్టుకున్నాను. లోకంలో సర్వీసు రోడ్డంటారు.

ఇక్కడొక అలంకార విశేషం చెప్పకుండా కదలలేను. కవిత్వానికి ప్రాణం వక్రోక్తి అని కుంతకుడి సిద్ధాంతం. చెప్పేది తిన్నగా చెప్పకుండా ఒంపు తిప్పి చెప్పాలంటాడు. ఆ తీర్పు వచ్చాక కేరళలో ఉత్తర పరవూరు అనే ఊళ్లో ఒక బారువాళ్లు దీన్ని ఆచరణలో పెట్టారు. బారు ఉన్నచోటే ఉంది, రహదారీ ఉన్నచోటే ఉంది. నడుమ గోడలు కట్టి దారిని మెలికలు మెలికలుగా తిప్పారు, నడిచి వెళ్లే దూరం 500 మీటర్లు దాటేలా. తాగి వచ్చేవాడి నడక వంకర తిరగడం లోకంలో ఉన్నదే. తాగబోయేవాడి నడకను కూడా వంకర చేసిన ఘనత వాళ్లది. కుంతకుడు వెయ్యేళ్ల కింద కాశ్మీరంలో నాటిన విత్తనం మలయాళ దేశంలో మొలిచింది.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం

రెస్టారెంట్, బార్: వీటికి అర్థం అడిగేవాడికి ఈ వ్యాఖ్య చదివే అర్హత లేదు.

అండ్: ఇది సముచ్చయం. రెస్టారెంటూ బారూ అని ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో ఏ పదం ముందు రావాలన్నది పెద్ద తగాదా. అచ్చులు తక్కువున్నది ముందుండాలని పాణిని. బార్‌కు ఒక్కటే అచ్చు, ఫ్యామిలీ రెస్టారెంట్‌కు ఆరు. ఆ లెక్కన బారే ముందు నడవాలి. ఊళ్లో సగం బోర్డులు బార్ అండ్ రెస్టారెంట్ అంటున్నాయంటే అవి పాణిని సంప్రదాయానివి. మా కాలనీ బోర్డు కాత్యాయనుడి మార్గం పట్టింది. ఎక్కువ పూజ్యమైనది ముందుండాలని ఆయన వార్తికం. ఫ్యామిలీ పూజ్యం కనుక ముందుకొచ్చింది. పెళ్లిపందిట్లో ముసలాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి ఆ తర్వాత వాళ్ల సంగతి మరిచిపోతారే, అటువంటి పూజ్యత.

ఈ ద్వంద్వాన్ని మించింది మరొకటి ఉంది. లైసెన్సిచ్చే శాఖ పేరు ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్. నిషేధమూ సుంకమూ ఒకే సమాసంలో, ఒకే కప్పు కింద కాపురం. దీన్ని విరోధాభాసం అందామంటే ఆ అలంకారంలో విరోధం పైకి కనబడి లోపల పోవాలి. ఇక్కడ ఎంత లోపలికి వెళ్తే అంత గట్టిపడుతుంది.

ఆ పేరులో మొదటి సగం ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు రోసమ్మ వెంట నడిచి సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. నిషేధం పోయాక కూడా పేరు మాత్రం బోర్డు మీద మిగిలింది. రోసమ్మ వెంట నడిచిన వాళ్లను ఏమనాలి? ఫ్యామిలీ అనాలి. ఆ మాటే ఇప్పుడు నీలం దీపాల్లో బారుకు వాకిలి కాస్తోంది. ఇది నవ్వులాటగా మొదలుపెట్టాను గాని ఈ పదం దగ్గర నాకు నవ్వు రావడం లేదు.

ఏసీ: మామూలు టీకాకారుడు చల్లగాలి అని రాసి దాటిపోతాడు. ఇది శాస్త్రపదం. కౌటిల్యుడి అర్థశాస్త్రం మైసూరులో శామశాస్త్రి చేతికి 1905లో దొరికింది, 1909లో అచ్చయింది. అందులో రెండో అధికరణం ఇరవై అయిదో అధ్యాయం అచ్చంగా సురాధ్యక్షుడిది, అంటే ఎక్సైజు సూపరింటెండెంటుది. పానశాలలో చాలా గదులు ఉండాలట. పడకలూ ఆసనాలూ విడివిడిగా ఉండాలట. గంధం, పూలు, నీళ్లు అందుబాటులో పెట్టాలట. ఏ ఋతువులోనైనా సుఖంగా ఉండాలట. ఇది ఏసీ కాక మరేమిటి? రెండువేల ఏళ్ల కిందటి లైసెన్సు షరతు ఇది!

అంతటితో ఆగాడా? తాగి నిద్రపోయినవాడి నగ పోతే దుకాణదారు దాని ఖరీదు ఇచ్చుకుని అంత మొత్తం జరిమానా కూడా కట్టాలన్నాడు. (మా కాలనీ బారు ముందు హెల్మెట్ పోయినవాళ్లు ఇది కత్తిరించి దాచుకోవచ్చు.) ఎవడు స్తోమతకు మించి ఖర్చు పెడుతున్నాడో కనిపెట్టడానికి గూఢచారులను పెట్టాడు. ఉత్సవాలకూ జాతరలకూ నాలుగు రోజుల ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. ఇప్పుడు ఫంక్షన్ హాలు విందులకు ఈవెంట్ పర్మిట్ అని తీసుకుంటారే, దానికి ముత్తాత అదే.

అసలు రత్నం ఇంకొకటి ఉంది. ఆ అధ్యాయంలో కుటుంబి అనే మాట కూడా వస్తుంది. సంసారులు శుభకార్యాలప్పుడు తెల్లసురను, మందు కోసం అరిష్టాన్ని కాచుకోవచ్చునట. గమనించండి. కౌటిల్యుడంతటి కరడుగట్టినవాడు కూడా, ఖజానా కోసం గుళ్ల హుండీల మీద కన్నువేయడానికి వెనకాడనివాడు కూడా, ఎప్పుడైనా ఓసారి సురను కుటుంబం దగ్గరికి పంపాడే గాని కుటుంబాన్ని సుర దగ్గరికి పంపలేదు. ఆ దారి కనిపెట్టడానికి మా కాలనీ దాకా రావాల్సి వచ్చింది.

ఎక్కడున్నాం? ఆఁ, బోర్డు.

ఫ్యామిలీ: ఈ విశేషణం రెస్టారెంట్‌కేనా, బార్‌కూ అన్వయిస్తుందా? గడప మీది దీపం ఇంటికీ వీధికీ వెలుగిచ్చినట్టు రెంటికీ అని ఒక పక్షం. కాకికి ఒక్కటే కనుగుడ్డు అటూ ఇటూ తిరుగుతుందన్నట్టు, అధికారులు వచ్చినప్పుడు ఇటూ ఆదివారం రాత్రి అటూ అని మరో పక్షం. నేను రెండో పక్షంవాణ్ణి.

కలదు: ఈ క్రియ జనం నోట చచ్చిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు బోర్డుల మీదే బతుకుతోంది, కుక్క కలదు, పార్కింగ్ కలదు అని. పక్కన నిజంగా కుక్క ఉంటే బోర్డు అక్కర్లేదు, అదే చెబుతుంది. కనుక కలదు అనే మాట సందేహం ఉన్నచోటే వాడతారని వ్యాప్తి. బారు లైసెన్సుకు మన రాష్ట్రాల్లో 2బి అని పేరు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు దాన్ని పైకి చదివితే ఉండుట అనే అర్థమే వినబడుతుంది. బారు ఉన్నదనడానికి ఆ కాగితం ప్రమాణం. ఫ్యామిలీ సెక్షన్ ఉన్నదనడానికి ఏమిటి ప్రమాణం? ప్రత్యక్షమే మేలనుకుని మనవరాలి పుట్టినరోజుకు అక్కడికే తీసుకెళ్లాం. పక్కన మరో హోటలు లేకపోవడం కూడా కారణమే. ఉన్నదాన్నే కదా వీళ్లు మింగింది.

ప్రత్యక్ష ప్రమాణం

గుమ్మంలో కుర్రాడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, “ఫ్యామిలీయా సార్? ఇటు రండి” అన్నాడు. ఇటు అంటే బారు మధ్యలోంచి. మా ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, పద్నాలుగు బల్లలు దాటింది. నేను లెక్కపెట్టాను. చివర ప్లైవుడ్ తడిక, దాని వెనక ఆరు బల్లలు. రెండింటి మీద బీరు కేసులు పేర్చి ఉన్నాయి. ఇంకోదాని మీద కుర్రాళ్ల టిఫిన్ డబ్బాలు. మిగిలిన మూడూ ఫ్యామిలీకి. తడిక పైన అడుగున్నర సందు. అందులోంచి పొగా మాటలూ ధారాళంగా వస్తున్నాయి. మాటలు ఇక్కడ రాయను. పిల్ల వాటిలో రెంటికి అర్థం అడిగింది. ముప్ఫయ్యేళ్లలో పాఠం దాటేసిన రోజు అదొక్కటే.

వేయించిన పల్లీల మీద ఉల్లిపాయలు చల్లి, అడక్కుండానే తెచ్చిపెట్టారు. దాహం పెంచడానికి తినే ఈ చిరుతిండికి అమరకోశంలో అవదంశమని పేరుంది. లోకంలో మంచింగ్. మేం ఫ్యామిలీ కనుక దాన్ని మంచినీళ్లతో తిన్నాం.

పొరపాటున పక్కబల్ల బిల్లు మాకు వచ్చింది. తిండికి జీఎస్టీ, మద్యానికి జీఎస్టీ లేదు, రాష్ట్రాల వ్యాట్ వేరే. అందుకని బిల్లులు రెండుగా వస్తాయి. పిల్ల రెండోది చదివి, “తాతయ్యా, క్వార్టర్ అంటే 180 అట. ఫుల్లు 750 కదా, నాలుగో వంతు 187న్నర రావాలిగా?” అంది. లెక్క సరే. ఆ ఏడున్నర మిల్లీలీటర్లు ఎటు పోయాయో పిల్లకు నేను చెప్పలేకపోయాను. ఫుల్లు 750 అని నాలుగో తరగతి పిల్లకు ఎవరు చెప్పారో అడిగాను. తడిక వైపు చూపించింది.

21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదని చట్టం. నిజమే, మా పిల్లకు ఎవరూ అమ్మలేదు.

తాత్పర్యం

చేతులు కడుక్కుని వస్తుంటే తడిక వెనక గోడకు ఇంకో తలుపు కనబడింది. పైన ఫ్యామిలీ ఎంట్రన్స్ అని రాసి ఉంది. కింద తాళం. “బాబూ, మేం ఇటు నుంచి వెళ్లిపోతాం, తాళం తియ్యి” అంది మా ఆవిడ. కుర్రాడు నసిగాడు. మేనేజరు వచ్చాడు. మర్యాదస్థుడే, పాపం.

“అది తియ్యం మేడం. తీస్తే బడి సందులో పడుతుంది.”

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. గుడికీ బడికీ ఆస్పత్రికీ నూరు మీటర్ల లోపు మద్యం అమ్మరాదని నియమం. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైనది. బారు ఎదుటి వేపచెట్టు కింది పోచమ్మ ఎందులోనూ నమోదు కాలేదు కనుక లెక్కలోకి రాదు. ఆమెకు జాతరలో కల్లు సాక పోస్తారు కనుక పట్టింపు కూడా లేకపోవచ్చు. బడికి మాత్రం రిజిస్ట్రేషన్ ఉంది. ఆ నూరు మీటర్లు ఎలా కొలవాలంటే, దుకాణం గుమ్మం నడిమధ్య నుంచి బడి గేటు నడిమధ్య దాకా, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారిన కొలవాలి. ముందు గుమ్మం నుంచి మూల తిరిగి వెళ్తే నూరు దాటుతుంది. వెనక తలుపు తెరిస్తే, మేనేజరు మాటల్లోనే, “డెబ్బై కూడా రాదు సార్.”

అంటే పిల్లల కోసం పెట్టిన నియమం చెల్లాలంటే పిల్లల తలుపుకు తాళం పడాలి. తాళం పడింది కనుక పిల్లలు బారులోంచి నడవాలి. మూలంలో కలదు అన్నది అబద్ధం కాదు. సెక్షన్ కలదు, తలుపూ కలదు.

మేం మళ్లీ ఆ పద్నాలుగు బల్లలూ దాటుకుని బయటికొచ్చాం. లైసెన్సు రెన్యువల్‌కు కొలవడానికి వచ్చే అధికారులకు ఒక్క మనవి: ఈసారి టేపు పట్టే ముందు ఆ వెనక తలుపు తాళంచెవి అడగండి.