సున్నకు పన్నెండు ఇంటూలు

తెలుగువాళ్ల ఇళ్లలో గుమ్మానికి ఎదురుగా వేలాడే కుట్టుపనిని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? రెండు చిలకలు, నడుమ ఓ గులాబీ, కింద ఇంగ్లీషులో ‘వెల్‌కమ్’. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాకపోయినా అంతే. మా అమ్మమ్మకు సంతకం తప్ప మరో రాత రాదు. అలాంటి ఆవిడ ట్రంకు పెట్టెలో కూడా ‘గుడ్ నైట్’ అని కుట్టిన దిండు గలీబులు దొరికాయి. ఇదంతా ఇంగ్లీషు మోజనుకునేదాన్ని. తెలుగులో ‘స్వాగతం’ అని క్రాస్ స్టిచ్‌లో కుడదామని, డిజైన్ సొంతంగా గీసుకోవడానికి కూర్చున్నాక గానీ అసలు కిటుకు బోధపడలేదు. ఇంగ్లీషు ఎల్ అంటే రెండు గీతలు. ఈ అంటే నాలుగు గీతలు. మన ‘స్వా’ అంటే ఒక ఆదివారం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు ఎంబ్రాయిడరీకైతే బొమ్మను కార్బన్ పేపరుతో గుడ్డ మీదికి దించుకుని, ఆ గీత వెంట సూదిని నడిపిస్తే సరి. క్రాస్ స్టిచ్‌కి గుడ్డ మీద ఏ గీతా ఉండదు. మ్యాటీ క్లాత్ నేతలోనే చిన్నచిన్న గళ్లుంటాయి. గడికో ఇంటూ మార్కు. ఎక్కడెక్కడ ఇంటూ పడాలో ముందు గ్రాఫ్ పేపరు మీద గీసుకుని, లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోవాలి. గడి నిండిందా, లేదా, అంతే. కొంచెం వంచి, చూసీచూడనట్టు తిప్పి సర్దుకోవడం కుదరదు. మన అక్షరాలు బతికేదే ఆ సర్దుబాటు మీద. తాటాకు మీద గంటంతో నిలువుగా, అడ్డంగా గీస్తే ఆకు చీలుతుందని పూర్వులు అక్షరాలను గుండ్రంగా తిప్పారంటారు. ఆకును కాపాడారు, సంతోషం. మ్యాటీ క్లాత్ గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

సున్నతో మొదలుపెట్టాను. అది లొంగితే మిగతావి దారికొస్తాయని ఆశ. మూడు గళ్ల వెడల్పులో వేస్తే చదరపు డబ్బా వచ్చింది. ఐదు గళ్లు తీసుకుని, నాలుగు మూలలూ వదిలేసి, వైపుకి మూడేసి చొప్పున పన్నెండు ఇంటూలు వేశాను. దగ్గర నుంచి చూస్తే అదీ డబ్బాయే. కాగితాన్ని గోడకంటించి నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో, గుండ్రం తిరిగింది! లేని వంపును కన్నే పూరించుకుంటుందన్నమాట. ఏడు గళ్లలో పదహారు ఇంటూలతో వేస్తే ఇంకా నున్నగా వస్తుంది గానీ, అంత సున్న పక్కనున్న తకారాన్ని మింగేస్తుంది. పన్నెండుకే ఖాయం చేసుకున్నాను. అప్పటినుంచి నా పనంతా గియ్యడం, అంటించడం, సోఫా తగిలేదాకా వెనక్కి నడవడం.

గకారం సులువనుకున్నాను. పైనున్న తలకట్టు టిక్కు మార్కే కాబట్టి గళ్లలో మెట్లు మెట్లుగా ఎక్కేసింది, పేచీ పెట్టలేదు. దాని కింది కమాను మాత్రం అచ్చం గుర్రపు నాడాలా వచ్చింది. “నాడా గుమ్మానికి మంచిదేగా, వదిలెయ్” అన్నారు మా ఆయన పేపరు దించకుండానే. కింది కొసలను ఒక్కో గడి చొప్పున వంచేసరికి నాడా కాస్తా గ అయి కూర్చుంది. ఇక స కింద వ ఒత్తు సంగతి అడక్కండి. అసలు అక్షరం కంటే దానికే ఎక్కువ రబ్బరు అరిగింది. బాపుగారి చేతిరాతలో ఒత్తులు ఎంత ఒయ్యారంగా వేలాడతాయో మనకు తెలిసిందే. అయితే ఆయన్ని ఎవరూ గ్రాఫ్ పేపరులో గళ్లు నింపి రాయమనలేదు.

లెక్కలంటే పారిపోయి కుట్టుపనిలో చేరినవాళ్లకు లెక్కలు ఇక్కడ ఎదురొస్తాయి. 14 కౌంట్ గుడ్డ అంటే అంగుళానికి 14 గళ్లు. నా ‘స్వా’కు 28, ‘గ’కు 19, ‘త’కు 23, సున్నకు 5, మధ్యలో మూడు ఖాళీలకు మూడేసి. మొత్తం 84. అంటే నిక్కచ్చిగా ఆరంగుళాలు. అదే 11 కౌంట్ గుడ్డయితే ఏడున్నర దాటిపోతుంది. ఫ్రేము కట్టించడానికి చుట్టూ మూడేసి అంగుళాలు అదనం. గుడ్డను నాలుగు మడతలు పెట్టి, నడిమి గడి పట్టుకుని అక్కణ్నుంచి కుట్టడం మొదలెట్టాలి. అలా కాకుండా ఎడమ అంచు నుంచి ధైర్యంగా బయల్దేరినవాళ్లు మా వీధిలో ఉన్నారు. వాళ్లింట్లో ‘సుస్వాగత’ అని ఉంటుంది. సున్న ఫ్రేము కిందికి పోయింది. వెళ్లినప్పుడల్లా, పిలుపు ఇంకా పూర్తి కాలేదేమోనని గడపలోనే ఓ క్షణం ఆగుతాం.

“ఇంత తిప్పలెందుకమ్మా? ఫోటో పెడితే ప్యాటర్న్ ఇచ్చే యాప్‌లున్నాయి” అని మా అబ్బాయి వాళ్ల తాతయ్య ఫోటో ఎక్కించాడు. నిమిషంలో చార్టు వచ్చేసింది. అరవై పైచిలుకు రంగులు, అందులో తొమ్మిది మీసానికే. ఒక గడి వక్కపొడి రంగు, పక్కది కాఫీ రంగు, ఆ పక్కది మళ్లీ వక్కపొడి. ప్రతి గడికీ దారం తెంపి, కొస వెనకాల దాచి, కొత్త దారం ఎక్కించుకోవాలి. యంత్రానికి ఏదీ వదులుకోవాలనిపించదు. సొంతంగా గీసుకునేవాళ్లకు వదిలెయ్యడమే సగం పని. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చార్టును ఆసాంతం చూశారు. “మీ మామయ్య ముఖంలో ఇన్ని రంగులు నేనెప్పుడూ చూళ్లేదే” అని తిరిగిచ్చేశారు. నేను ఒక్క ఎరుపుతో సరిపెట్టుకున్నాను. ఆ ఎరుపు కోసం దుకాణానికి వెళ్తే “నంబరు చెప్పండమ్మా” అన్నాడు కొట్టు అబ్బాయి. అక్కడ రంగులకు పేర్లతో పనిలేదు. యాంకర్‌లో 403 అంటే నలుపు, అదే డీఎంసీలో 310. ఎరుపులు ఎన్నో ఉన్నాయి కాబట్టి చీర కొంగు చూపించి బయటపడ్డాను.

గళ్ల కాగితం మీద రంగులద్దిన డిజైన్లు అచ్చువేసి అమ్మడం 19వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో ఊపందుకుంది. అప్పటినుంచే గీసేవాళ్లు వేరు, కుట్టేవాళ్లు వేరు అయిపోయినట్టున్నారు. మన పొరుగున ధార్వాడ వైపు కసూతి కుట్టే ఆడవాళ్లు గుడ్డ మీద గీత గియ్యకుండా పోగులు లెక్కపెట్టుకుంటూనే గోపురం, రథం, ఏనుగు, తులసికోట తేల్చేస్తారు. గోపురమంటే మెట్లే, మెట్లంటే గళ్లే. కన్నడ అక్షరాల జోలికి వాళ్లు పెద్దగా పోయినట్టు కనబడదు. అవీ మనవాటిలాగే గుండ్రం మరి, వాళ్ల తెలివికి దండం.

అక్షరాల విషయంలో నాకు గురువు మాత్రం మేజర్ అలెక్సిస్ కాస్‌డాగ్లీ అనే బ్రిటిష్ సైనికాధికారి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కి, 1941 డిసెంబరులో తోచక ఓ క్రాస్ స్టిచ్ పటం కుట్టాడు. చూడ్డానికి బుద్ధిమంతుడి పనే. జర్మన్లు ముచ్చటపడి తమ శిబిరాల్లో ప్రదర్శనకు కూడా పెట్టారు. అంచుల్లో ఉన్న చుక్కలూ గీతలూ అలంకారమనుకున్నారు పాపం, అవి మోర్స్ సంకేతాలు. ఒక వరస రాజుగారిని దేవుడు చల్లగా చూడాలంటుంది; ఇంకో వరస హిట్లర్‌ను పచ్చిబూతు తిడుతుంది. చుక్క, గీత, చుక్క. వంపన్నదే లేదు, ఒత్తన్నదే లేదు. క్రాస్ స్టిచ్ కోసమే పుట్టిన లిపి!

కుట్టడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు, మూరెడు పొడవు, పై కాలు ఎప్పుడూ ఒకే వైపుకి వాలాలి. పూర్తయ్యాక అత్తయ్యగారు మా అందరిలా ‘స్వాగతం’ చదవలేదు. పటాన్ని అందుకుని తటాలున వెనక్కి తిప్పారు. ఆవిడ కాలంలో పెళ్లిచూపులకొచ్చిన ఆడవాళ్లు అమ్మాయి కుట్టుపనిని ముందు అక్కడే చూసేవారట. “ఫరవాలేదు, ముడులు లేవు” అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో నాకు దక్కిన ఘనమైన సర్టిఫికెట్ ఇదే.

మా ఆయన మాత్రం పటం కింద నిలబడి కాస్త ఆలోచించి, “వచ్చేవాళ్లకి సరే, వెళ్లేవాళ్లకి కూడా ఒకటుండాలి కదా. లారీల మీద రాస్తారే, ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అని, అది కుట్టు” అన్నారు. నేను వేళ్ల మీద లెక్కేశాను. మూడు సున్నలు, రెండు ఒత్తులు, అందులో ఒకటి ‘క్షే’. ఎంత కుదించినా 240 గళ్లు, అంటే ఒక్క వరసలో పదిహేడు అంగుళాలు, ఫ్రేముకి వదిలింది కాక. నా ముఖం చూసి ఆయనే తగ్గారు. “పోనీ, ఈ పటానికే చుట్టూ ఏదైనా అంచు కుట్టకూడదూ? బోసిగా ఉంది” అన్నారు.

వెంటనే ఒప్పుకున్నాను. నాలుగు వైపులా చుక్కలూ గీతలూ, సన్నగా, ముచ్చటగా. ఆయనకు బాగా నచ్చింది. వచ్చినవాళ్లందరికీ పిలిచి మరీ చూపిస్తున్నారు.