ఏడు రంగులూ సాయంత్రం అయిదులోపే

మారిషస్‌లో దంపతులు కారులో చేసే ఒక్కరోజు విహారానికి ‘సౌత్ టూర్’ అని పేరు. ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. అంత చిన్న దేశాన్ని భోజనానికి ముందు సగం, తర్వాత సగం చూసేయొచ్చన్న నమ్మకం మీద ఈ యాత్ర నడుస్తుంది. ఇందులో పాల్గొనేవారు ముగ్గురు: భర్త, భార్య, డ్రైవరు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో మూడో మనిషి నిర్ణయిస్తాడు, డబ్బు మిగతా ఇద్దరూ కడతారు. అక్కడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి గనుక కారు తానే నడుపుతానని భర్త మొదట ఉబలాటపడతాడు. డిపాజిట్ ఎంతో తెలిశాక డ్రైవరు మీద గౌరవం పెరుగుతుంది.

మొదటి మజిలీ క్యూర్‌పీప్ పట్నంలోని ట్రూ ఓ సెర్ఫ్. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వత బిలం, అడుగున చెట్లు, మడుగు. క్యూర్‌పీప్‌కు వానా పొగమంచూ చుట్టాలు. అందుకే చాలా ఫొటోల్లో దంపతుల వెనక తెల్లటి శూన్యం తప్ప ఏమీ ఉండదు, అది అగ్నిపర్వతమని కింద రాసుకోవాలి. బిలం దగ్గర అయిదు నిమిషాలు, ఓడల నమూనాలు అమ్మే దుకాణంలో ముప్పావుగంట ఆగడం ఆనవాయితీ. డ్రైవరుకు ఓడల మీద అంత మక్కువ ఎందుకో దుకాణదారుకు తెలుసు.

తర్వాత గంగా తలావ్. ఇదీ బిలంలో ఏర్పడ్డ సరస్సే. 1972లో గంగాజలం తెచ్చి కలిపారు. ఇక్కడి 108 అడుగుల మంగళ మహాదేవుడు వడోదరలోని సూర్‌సాగర్ శివుడికి నకలు. వడోదర వెళ్లే తీరిక లేనివాళ్లు ఆయన్ని చూడటానికి హిందూ మహాసముద్రం దాటుతారు. మహాశివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచీ జనం కావళ్లు మోస్తూ కాలినడకన వస్తారు. కారు దంపతులకు గడువు ఇరవై నిమిషాలు. అందులో సగం పాదాల నుంచి జటాజూటం దాకా స్వామిని ఒకే ఫ్రేములో ఇరికించడానికే పోతుంది. భర్త మోకాళ్లూని, చాలక నేలమీద బోర్లా పడుకుంటాడు. చూసినవాళ్లు సాష్టాంగమనుకుని పక్కకు తప్పుకుంటారు.

దారిలో వేడివేడి దాల్ పూరీ దొరుకుతుంది. పప్పు కూరిన పూరీ, బెల్లం లేని బొబ్బట్టులాంటిది. ప్యాకేజీలో ‘ఇండియన్ బఫే’ ఉంటే మాత్రం పనీర్ బటర్ మసాలాయే గతి.

షమరెల్‌లో జలపాతం పైనుంచి చూసి, ఏడురంగుల నేల దగ్గర దిగాలి. అగ్నిశిల శిథిలమై మట్టయినచోట ఇనుము ఎరుపునూ అల్యూమినియం నీలి ఛాయలనూ ఇచ్చాయంటారు. భార్యకు అయిదు రంగులు కనిపిస్తాయి, భర్తకు మూడు. టికెట్టు మీద ఏడు అని ఉంది కాబట్టి వివాదం అక్కడితో సరి. ఇంటి దగ్గర ఎర్రమట్టి చెప్పులకు అంటితే విసుక్కునేవాళ్లు ఇక్కడ దాన్నే గాజుగొట్టంలో కొనుక్కుంటారు.

చివరిది లె మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఈ కొండను 2008లో యునెస్కో గుర్తించింది. దంపతులు దాన్ని బీచి ఫొటోకు నేపథ్యంగా గుర్తిస్తారు.

తిరుగుదారి పొడవునా చెరకు తోటలే. 1834 నుంచి 1920 దాకా భారతదేశం నుంచి దాదాపు అయిదు లక్షల మంది కూలీలు ఇక్కడికి వచ్చారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వారి పుణ్యమాని ఇక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. ఇదంతా డ్రైవరు చెప్పే వేళకు వెనక సీట్లో ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతుంటారు. ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయీలో ఉంది, సౌత్ టూర్‌లో రాదు. నార్త్ టూర్‌లో రావచ్చుగానీ, ఆ రోజు షాపింగు.