బ్రూనో తాతగారు

కుక్కను కొన్నది కొడుకు, పేరు పెట్టింది కోడలు. ఇద్దరూ డల్లాస్ విమానం ఎక్కేశారు. పెంపకం మాత్రం రిటైర్డ్ తహసీల్దారు గారికి సంక్రమించింది. హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా ఇలాంటి పెద్దమనిషి ఒకరుంటారు. తెల్లారకముందే మంకీ క్యాపు పెట్టుకుని, ముప్ఫై కిలోల లాబ్రడార్ ఎటు లాగితే అటు పోతూ ఉంటారు.

మొదట్లో షరతులు కఠినం. వరండా దాటి లోపలికి రాకూడదు. ఆక్రమణలు ఎలా మొదలవుతాయో సర్వీసంతా చూసిన మనిషే. అయినా వరండా నుంచి హాలు, హాలు నుంచి సోఫా, సోఫా నుంచి మంచం... ఏడాది తిరక్కుండా బ్రూనో పట్టా పుచ్చుకుంది. అర్జీ చేతికందితే గానీ తలెత్తి చూడని అధికారి, ఇప్పుడు తోక కదిలితే చాలు, లేచి నిలబడుతున్నారు.

ఉల్లిపాయ కుక్కలకు విషమని డాక్టరు చెప్పిన రోజునుంచి ఆ ఇంట్లో కూరల్లో ఉల్లి లేదు. పొరపాటున ఒక ముద్ద వాడి నోట్లో పడితేనో? ‘కార్తీక మాసం ఒక్క నెల మానండి మహాప్రభో అంటే నలభై ఏళ్ళు వినలేదు’ అని వాళ్ళావిడ వాపోతారు.

కుక్కా యజమానీ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసేదీ ఆ హార్మోనే. ఆ ముక్క ఆయన ఇంట్లో చదివి వినిపించారు. ‘నా కళ్ళలోకి చూస్తే పెరగదుటండీ?’ అన్నారావిడ. ‘దాని మీద రిపోర్టు రాలేదు’ అన్నారాయన.

కుక్కల్ని లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్ మీటింగులో ఒకాయన లేచాడు. పెంపుడు జంతువులకు లిఫ్టు కాదనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే ఇచ్చిన సర్క్యులర్ ఈయన జేబులోనే ఉంది. అది తీసే ముందు మహాభారతం తీశారు: ‘కుక్క లేకుండా ధర్మరాజు స్వర్గానికే రానన్నాడు. నేను మూడో అంతస్తుకి ఎలా వస్తానయ్యా?’

రెండో అంతస్తు మేష్టారికి ఈమధ్యే భార్య పోయింది. పరామర్శకు వెళ్ళినవాళ్ళంతా ‘ధైర్యంగా ఉండాలి’ అని, కాఫీ తాగి వచ్చేశారు. మన తహసీల్దారు గారికి ఆ రెండు ముక్కలూ రావు. బ్రూనోని వెంటబెట్టుకుని వెళ్ళి ఓ మూల కూర్చున్నారు. బ్రూనో నేరుగా పోయి మేష్టారి మోకాలి మీద గడ్డం ఆనించింది, లుంగీ మీద కాస్త చొంగ కూడా కార్చింది. మేష్టారు దాని చెవి నిమురుతూ, అంతవరకూ కన్నకొడుకుతోనైనా అనని ఆసుపత్రి సంగతులన్నీ దానికి చెప్పుకున్నారు. ఈయన పేపరు అడ్డం పెట్టుకుని ఒకే పేజీ చదువుతూ ఉండిపోయారు. అప్పట్నుంచి సాయంత్రం అయిదయ్యేసరికి గొలుసు అందుకుంటారు. ఎక్కడికని అడిగితే, ‘వాడికి ఫీల్డ్ విజిట్ ఉంది.’

ఆదివారం డల్లాస్ నుంచి వీడియో కాల్ వస్తుంది.

‘ఎలా ఉన్నారు నాన్నా?’

‘నిన్న కాస్త డల్లు. రాత్రి పెరుగన్నం పెట్టాం. పొద్దున్నే మోషన్ ఫ్రీగా అయింది.’

‘మీకా, బ్రూనోకా?’

వంటింట్లోంచి ఆవిడ గొంతు: ‘వాడికేరా! తన బీపీ మాత్రలు తెచ్చుకోమని పంపితే, వాడికి నులిపురుగుల మందు తెచ్చారు మీ నాన్న!’