అరకిలో సూత్రానికి పటమట వ్యాఖ్య

అవతారిక

కావ్యాలకు టీకలు రాసినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. కోలాచలం మల్లినాథసూరి రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘదూతానికి సంజీవని పేరుతో వ్యాఖ్యలు రాశాడు. ఆముక్తమాల్యదకు అదే పేరుతో వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య సంతరించారు. వావిళ్లవారు మద్రాసులో టీకా తాత్పర్యాలతో అచ్చువేసిన పుస్తకాలు ఒకప్పుడు చదువుకున్న ప్రతి తెలుగింటి బీరువాలోనూ ఉండేవి. ఇంత సంపద ఉన్న భాషలో, విజయవాడ పటమటలో సెలవుల సీజను ముగిసేసరికి వీధికి రెండిళ్లలోనైనా వినబడే ఒక వాక్యానికి ఇప్పటిదాకా టీక లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రయత్నం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత కూడా పాటిస్తాడు. రెండో సగం పటమటలో సాధ్యపడదు.

సందర్భమేమనగా: అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 2010కీ 2017కీ మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన శాఖ లెక్కల నుంచి తేలింది. అంతమంది వెళ్లినచోట పెళ్లిళ్లన్నీ ఒక్క భాషలోనే జరగవు. అలా తెలుగు రాని అల్లుడొకడు భార్యతో కలిసి అత్తవారిల్లు చూడవచ్చాడు. సెలవు అయిపోయింది. ఈ రాత్రికి ప్రయాణం. హాలు మధ్య పెట్టె నోరు తెరుచుకుని ఉంది. వక్త అత్తగారు, శ్రోత ఆ అల్లుడు.

మూలం

"బాబూ, ఆ పెట్టె కాస్త ఎత్తు. ఇంకో అరకిలో పడుద్దేమో!"

ప్రతిపదార్థం

బాబూ = ఓ అల్లుడా; ఆ పెట్టె = విమానంవాళ్లు 23 కిలోలకు మించనివ్వని ఆ సూట్‌కేసును; కాస్త = పూర్తిగా; ఎత్తు = బరువు చూసుకునే మిషను మీద నిలబడి రెండు చేతులా పైకి పట్టుకొనుము; ఇంకో = ఇదివరకు పలుమార్లు పట్టించినది చాలక మరియొక; అరకిలో = కిలోంబావు; పడుద్దేమో = పట్టి తీరవలెను.

తాత్పర్యం

పైకి చూస్తే ఇది సామాను సర్దుడు వ్యవహారం. కొంచెం లోతుగా చూశామనుకునేవాళ్లు ఇందులో అత్తగారి ప్రేమ పచ్చడి రూపంలో పొంగిందంటారు. రెండూ తొందరపాటు వ్యాఖ్యలే. ఒక వాక్యం అసలు ఉద్దేశం తేల్చడానికి మన పెద్దలు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. మొదలూ చివరా ఏం చెబుతున్నాయి, దేన్ని మళ్లీ మళ్లీ అంటున్నారు, వేరే దారిలో తెలియని విషయం ఇందులో ఏముంది, దీనివల్ల ఒరిగేదేమిటి, మెచ్చుకోళ్లూ ఎత్తిపొడుపులూ దేని చుట్టూ తిరుగుతున్నాయి, యుక్తికి ఏది నిలుస్తుంది అని చూడాలి. ఈ ఆరింటితో పరీక్షిస్తే ఒకటే తేలుతుంది. ఈ వాక్యం అల్లుణ్ని అతిథి పదవి నుంచి తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వు. చుట్టరికం పెళ్లినాడు కాగితం మీద వచ్చి ఉండవచ్చు, పటమట ఇంట్లో మాత్రం అది ప్రయాణం నాడు మొదలవుతుంది.

ముందు ఉపక్రమోపసంహారాలు చూద్దాం. వచ్చిన రోజున ఇదే పెట్టెను ఈ అల్లుడి చేతిలోంచి ముగ్గురు లాక్కున్నారు. ఆయన మంచినీళ్లకు లేవబోతే నలుగురు లేచారు. తిన్న కంచం తీయబోతే ఇంట్లో ఘోరం జరిగినట్టు కేకలు పెట్టారు. చివరి రోజున అదే పెట్టెను ఆయన చేతే ఎత్తిస్తున్నారు. ఎత్తించే పద్ధతి కూడా గమనించదగ్గది. పక్కనే ఆటోనగర్‌లో లారీలను తూచే కాటాలున్నాయి గాని ఇంట్లో పెట్టెను తూచేది ఉండదు. కాబట్టి అల్లుడు ముందు ఒట్టి చేతులతో మిషను ఎక్కుతాడు. మామగారు కళ్లజోడు సర్దుకుని, వంగి, అంకె చదివి పేపరు అంచున రాసుకుంటారు. తర్వాత అల్లుడు పెట్టెతో ఎక్కుతాడు. పెట్టె అడ్డమొచ్చి అంకె కనబడదు కాబట్టి బావమరిది నేలమీద బోర్లాపడుకుని సెల్‌ఫోన్ టార్చి వేసి చదువుతాడు. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే పెట్టె బరువు. ఈ తీసివేత పుణ్యమా అని అల్లుడి బరువు ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. వచ్చిన నాటికన్నా ఎంత ఒళ్లు చేశాడో అత్తగారు కట్టిన లెక్క మేనత్తకు ఫోనులో చేరుతుంది. అతిథి బరువు ఏ మర్యాదలోనూ అడగరు. అడిగారంటే ఆయన అతిథి కాడు.

అభ్యాసం సంగతి చెప్పనక్కర్లేదు. పెట్టె మూస్తారు, తూస్తారు, తెరుస్తారు, కందిపొడి తీసి సున్నుండలు పెడతారు, మళ్లీ ఎత్తమంటారు. ఒకసారి అన్నది నోరుజారి అన్నదనుకోవచ్చు, పదేపదే అన్నదాన్ని ఉద్దేశమనే ఒప్పుకోవాలి. ఇక అర్థవాదం. మీమాంసకుల లెక్కలో అది విధిని బలపరచే పొగడ్తో, తెగడ్తో. "మా చిన్నల్లుడైతే ఒంటిచేత్తో లేపేవాడు" అన్నది మొదటి రకం ముసుగులో రెండో రకం. "మెల్లిగా, నడుం పట్టుద్ది" అన్నది రెండో రకం ముసుగులో మొదటిది. అతిథిని తోడల్లుడితో పోల్చరు. పోల్చడం మొదలైందంటే ఆయన కూడా ఆ వరుసలో నిలబడ్డట్టే.

అపూర్వత దగ్గర అసలు కీలకం ఉంది. వేరే దారిలో దొరికేదాన్ని గురించి వాక్యం చెబితే అది ఒట్టి అనువాదం, అంటే తెలిసినదాన్నే తిరిగి చెప్పడం, దానికి ప్రామాణ్యం లేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు మీదా, డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లోనూ ఆవకాయ నుంచి అప్పడాల దాకా దొరుకుతాయి. ఇక్కడి పచ్చళ్ల షాపులవాళ్లే పెట్టెలు కట్టి కొరియర్‌లో పంపుతున్నారు. ఆ సంగతి అత్తగారికి తెలుసు. ఏవి వెళ్లవో ఇంకా బాగా తెలుసు. పచ్చి కరివేపాకు నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగుకు ఆశ్రయమని అమెరికావాళ్లు రానివ్వరు. తోటలో కోసిన మామిడికాయా, కోడి పచ్చడీ అంతే. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి మండగల సరుకు కాబట్టి విమానయాన నిబంధనలు దాన్ని ప్రమాదకరమైన వాటిలో చేర్చాయి. అయితే దంచి కారంలో కలిపేసిన కొబ్బరి కొబ్బరేనా, కారమా అన్నది ఆ ఇంట్లో గంటసేపు సాగే శాస్త్రచర్చ. ఆ చర్చలో అల్లుడి ఓటు అడుగుతారు. సరుకు దొరికేదే, నిబంధన తెలిసిందే అయినప్పుడు, ఆ వాక్యం వల్ల కొత్తగా తెలిసేది ఏమిటి? అల్లుడికి ఇంట్లో పనీ, ఓటూ వచ్చాయన్నది. ఇంకే దారిలోనూ తెలియని విషయం అదొక్కటే.

ఫలం, ఉపపత్తి కలిసే ఉంటాయి. పెట్టె ఖాళీదే నాలుగైదు కిలోలు. మిగిలిన జాగాలో బందరు లడ్లూ, ఆత్రేయపురం పూతరేకులూ, రెండు రకాల కారప్పొడీ, కొండపల్లి బొమ్మలూ పట్టాలంటే ఏదో ఒకటి బయటికి రావాలి. బయటికి వచ్చేవి అల్లుడి జీన్సు ప్యాంటూ, బరువైన బూట్లూ. "ఇక్కడే ఉంటాయిలే, మళ్లీ వచ్చినప్పుడు వేసుకుందువు గాని" అని అత్తగారు వాటిని బీరువా అడుగు అరలోకి సర్దుతారు. బొమ్మలు అమెరికా చేరడం పైకి కనిపించే ఫలం. ఆ అరలో ఆయన బట్టలకు చోటు దొరకడం అసలు ఫలం. ఎంత పెద్ద చుట్టమైనా అతిథి బట్టలు ఆ ఇంటి బీరువాలో ఉండవు.

పూర్వపక్షాలు, సమాధానాలు

ఒకరు అనవచ్చు: ఇందులో ఇంత మీమాంస ఎందుకు, వేళ మించిపోతోంది, తొందరలో ఎవరు కనబడితే వాళ్లకు పని చెబుతారు అని. ఇది నిలవదు. తొందరే కారణమైతే పని తెలిసినవాడికి చెప్పాలి. బావమరిది ఉన్నాడు, కారు డ్రైవరు ఉన్నాడు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉన్నాడు. వీళ్లందర్నీ వదిలి, మాట అర్థం కానివాడికీ, చెప్పిందాన్ని కూతురు ఇంగ్లీషులోకి మార్చేదాకా నిలబడిపోయేవాడికీ పని పురమాయించడం తొందర లక్షణం కాదు. నిజానికి దానివల్ల ఆలస్యమే అవుతుంది. ఆలస్యమవుతుందని తెలిసీ ఆయన్నే పిలిచారంటే పిలవడమే ముఖ్యమన్నమాట.

రెండో ఆక్షేపణ బరువైనది. చివరి రోజునే కదా అల్లుణ్నీ కూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టి, తాంబూలం ఇచ్చేది? మర్యాదల్లోకెల్లా పెద్ద మర్యాద జరిగే రోజున మర్యాద రద్దయిందనడం ఎట్లా పొసగుతుంది? పొసగుతుంది. బొట్టు పెట్టి బట్టలు పెట్టడం పరాయివాళ్లకు ప్రత్యేకించిన క్రియ కాదు. ఊరెళ్లే సొంత బిడ్డకూ అదే తంతు. ఆ తర్వాత క్షణం ఏం జరుగుతుందో చూడాలి. కళ్లకద్దుకున్న కొత్త బట్టల్ని అత్తగారే వెనక్కి తీసుకుని, అట్ట పీకి, గుండుసూదులు తీసి, మడత విప్పి, పచ్చడి ప్యాకెట్ల మధ్య మెత్తగా కుక్కేస్తారు. నూనె కారితే ముందు తడిసేది ఆ చొక్కాయే. కానుకను కానుకగా చూసే ఇంట్లో ఇది అపచారం. సొంతవాడి చొక్కా కాబట్టే ప్యాకెట్ల మధ్య కుక్కారు.

మూడో ఆక్షేపణ: తెలుగు రానివాడికి ఈ ఉత్తర్వు అందిందని ఎట్లా చెప్పగలం? దీనికి మీమాంసకుడైన ప్రభాకరుడి మతంలోనే జవాబుంది. పిల్లవాడు భాష ఎట్లా నేర్చుకుంటాడు? ఒక పెద్దాయన ఇంకొకరితో ఆవును తెమ్మంటాడు, ఆయన తెస్తాడు. తర్వాత ఆవును కట్టేయమంటాడు, కట్టేస్తాడు. ఏది ఆవో, ఏది తేవడమో చూస్తున్న పిల్లవాడికి తెలిసిపోతుంది. దీన్ని వృద్ధవ్యవహారమంటారు. ఆజ్ఞ, దాని వెంట పని లేకపోతే మాటకు అర్థం పట్టుబడదని ప్రభాకరుల వాదం. అతిథిగా ఉన్నన్నాళ్లూ మన అల్లుడికి ఆజ్ఞలే లేవు. ఆయనతో అందరూ పుస్తకాల ఇంగ్లీషులో యోగక్షేమాలు విచారించారు. ఆజ్ఞ లేదు కాబట్టి భాషా లేదు. చివరి రోజు మధ్యాహ్నం నుంచి రాత్రిలోగా ఆయనకు ఎత్తు, దించు, తియ్యి, పెట్టు, ఆగు అనే క్రియలు నిఘంటువు తెరవకుండా వచ్చేస్తాయి. ఉత్తర్వు అందిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నాలుగోది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పని చెప్పడమే చుట్టరికానికి గుర్తయితే, కొత్తకోడలికి వచ్చిన మర్నాటి నుంచే వంటిల్లు అప్పగించేవాళ్లు ఆమెను అందరికన్నా ముందు తమలో కలుపుకున్నట్టా? ఆమెకు చివరి రోజున ఇందుకు సరిగ్గా ఎదురుగా జరుగుతుంది. "ఈ పూటకి నువ్వు కూర్చోమ్మా, రాత్రికి ప్రయాణం" అంటారు. ఇక్కడ సూత్రానికి ఒక షరతు చేర్చుకోక తప్పదు. పని గౌరవం కావాలంటే దాన్ని కాదనే హక్కు చేతిలో ఉండాలి. అల్లుడు నడుం నొప్పని తప్పుకుంటే ఇల్లంతా జాలిపడుతుంది. కోడలు అదే మాట అంటే జాలి అంత సులువుగా రాదు. కాబట్టి ఈ సూత్రం అల్లుడికి వర్తించినంత హాయిగా కోడలికి వర్తించదు. ఆ లోపం సూత్రానిది కాదు, ఇళ్లది. పరదేశం నుంచి వచ్చిన కోడలికి మాత్రం అల్లుడి నియమమే చెల్లుతుంది. ఆమె చేతికి చివరి పూట టేపూ, కత్తెరా ఇస్తే కలుపుకున్నట్టే.

ఫలితార్థం

సాగనంపడానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న మిగిలింది. శాకుంతలం నాలుగో అంకంలో శార్ఙ్గరవుడు, అయినవాళ్లను నీటి ఒడ్డు దాకానే సాగనంపాలన్న నియమాన్ని కణ్వుడికి గుర్తుచేస్తాడు. బందరు కాల్వ, రైవస్ కాల్వ, ఏలూరు కాల్వ పారే ఊళ్లో ఈ నియమం పాటిస్తే వీడ్కోలు కాసేపట్లో ముగియాలి. ముగియదు. ఈ విషయంలో పటమటలో రెండు సంప్రదాయాలున్నాయి. గన్నవరం సంప్రదాయంవారు దగ్గర్లోని విమానాశ్రయమే మేలంటారు. కానీ హైదరాబాదుకో ఢిల్లీకో విడిగా టికెట్టు కొంటే దేశీయ విమానంలో 15 కిలోలే మామూలు. అక్కడ అరకిలో సూత్రం కూలిపోతుంది. అందుకే శంషాబాద్ సంప్రదాయంవారు కారు మాట్లాడుకుని, నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా రాత్రంతా వెళ్లి పెట్టెల్ని నేరుగా పెద్ద విమానానికే అప్పగిస్తారు. ఏ సంప్రదాయమైనా నేటి నీటి ఒడ్డు టికెట్టు చూసే జవాను నిలబడ్డ తలుపే. అంతవరకూ అల్లుడు పెట్టెతో ఉన్న బండి తోస్తాడు, మిగతావాళ్లు పక్కన ఒట్టి చేతులతో నడుస్తారు. వచ్చిన రోజుతో పోల్చి చూసుకుంటే వ్యాఖ్యానం ఇక్కడికి పూర్తయినట్టే.

కనుక అల్లుళ్లు గ్రహించవలసింది ఇది. ఎత్తమన్నప్పుడు ఎత్తాలి. అరకిలో పట్టదని లెక్కలు చూపించి వాదిస్తే, అతిథి హోదా వద్దన్నవాళ్ల మీద దాన్ని మళ్లీ రుద్దినట్టవుతుంది. పట్టినంతా పట్టించిన పెట్టె కౌంటరు దగ్గర 23 దాటితే, ఆ అదనపు రుసుము మామగారు కట్టాలా అల్లుడు కట్టాలా అన్న చర్చ ఉత్తరమీమాంసకు సంబంధించింది కాబట్టి ఇక్కడ దాన్ని ఎత్తుకోలేదు.